ఇంటికొక్క చెయ్యి

మా సంఘంలో ఏ మాట తేల్చాలన్నా ఇంటికి ఒక్క చెయ్యే లేవాలి. ఇది మిషన్ దొరలు నేర్పింది కాదు. మేము క్రీస్తు మతంలోకి రాకముందు మా వాడ పంచాయితీలో ఉన్న కట్టుబాటే మాతోపాటు ప్రార్థన గుడిలోకి వచ్చింది. ఇంట్లో పదిమంది ఉన్నా ఇద్దరే ఉన్నా లేచే చెయ్యి ఒక్కటే, అది మగవాడిది. మగవాడు లేని ఇంట్లో ఆడమనిషి లేపవచ్చు. అప్పుడు కూడా పెద్దలు దాన్ని ఆమె చెయ్యి అనరు, ఇంటి చెయ్యి అంటారు. నేను చెప్పబోయేది నా చెయ్యి చేసిన పని గురించి. ఇన్నేళ్లకైనా చెప్తున్నాడు కదా అని ఎవరూ నన్ను మెచ్చుకోవద్దు. సిగ్గు పాతబడితే తగ్గుతుందంటారు. నాకైతే తగ్గలేదు.

మా ఎర్రగుట్ట మహబూబ్‌నగర్‌కు ఎడ్లబండి మీద ఒక పూట దూరం. ఊరి చివర మా వాడ, పదిహేడు క్రైస్తవ ఇళ్లు. వాడ దాటితే ప్రార్థన గుడి, దాని పక్కన రెండు గదుల మిషన్ దవాఖాన. దాన్ని నడిపేది ఆల్మా మిస్సమ్మ. అమెరికా నుంచి వచ్చిన నర్సు. పెళ్లి చేసుకోలేదు. బైబిలు చదివి తెలుగు నేర్చుకుంది కాబట్టి కుక్కను అదిలించినా గ్రంథంలోలాగే అదిలించేది. ఆమె దగ్గర యోహాను అనే నేను కాంపౌండరును. రోగులు తెచ్చుకున్న సీసాల్లో మందు కలిపి పోయడం, పూటకెంత తాగాలో తెలిసేట్టు కాగితాన్ని పళ్లు పళ్లుగా కత్తిరించి సీసాకు అంటించడం నా పని. దానికి తోడు నారికురుపులు. దిగుడుబావుల నీళ్లు తాగే పల్లెలు మావి. కాలిలోంచి దారంలాంటి పురుగు తల బయటపెడితే, దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు వేలెడంత బయటికి తీయాలి. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలు వాచి మనిషి నెలల తరబడి మంచం దిగడు.

1942లో లడాయికి మనుషులను తీసుకుంటున్నారని తెలిసి సికింద్రాబాదు పోయి పటాలంలో చేరాను. మా వాడ నుంచి ఐదుగురం పోయాం. నాకు దేశభక్తీ లేదు, రాజభక్తీ లేదు, ఖాకీ బట్టల మీద మోజు అంతే. కాంపౌండరునని చెప్పుకున్నందుకు సముద్రం అవతల బస్రాలో మిలటరీ దవాఖానకు పంపారు. అక్కడ నాలుగేళ్లూ నేను చేసింది సీసాలు కడగడం, ఆపరేషన్ చేసే దొరల పక్కన వేడినీళ్ల గిన్నె పట్టుకొని నిలబడటం. ఒక్క చుక్క మందు కలపనివ్వలేదు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం పెద్ద డాక్టరు నన్ను అడగనిదే ఏ పనీ చేయడని రాశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. బస్రా దాకా వచ్చి చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నాది బాగానే అతికింది.

నేను పోయాక నా పని నా భార్య బిక్షమ్మ చేసింది. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివిన మనిషి. మొదట కట్లు కట్టింది, తర్వాత తూకాలు నేర్చుకుంది, ఏడాది తిరిగేసరికి మిస్సమ్మ ఆమెనే కాంపౌండరు అనడం మొదలుపెట్టింది. చలిజ్వరాలు వాడను ఊడ్చిన ఏడాది ఇంటింటికీ పోయి ముక్కు మూసి క్వినైను పోసిందట. నారికురుపు పురుగు తీయడంలో ఆమెకున్న ఓపిక నాకు ఏనాడూ లేదు. సంఘంలో మా ఇంటి చెయ్యి కూడా ఆమే లేపింది. గుడి కప్పు మార్చడానికి, పాత పంతులును సాగనంపడానికి, బావిలో పూడిక తీయించడానికి, నాలుగేళ్లలో ఎన్నిసార్లు లేపిందో నాకు తెలియదు. మగవాళ్లు పోయిన మిగతా నాలుగిళ్లలోనూ అంతే జరిగింది.

1946 ఎండాకాలంలో తిరిగొచ్చాను. వాడంతా డప్పులతో ఎదురొచ్చింది. వారం రోజులు నా బస్రా కబుర్లు నోళ్లు తెరుచుకొని విన్నారు. ఆ తర్వాత ఎవరి పని వాళ్లకుంది. నాకే లేదు. పొద్దున్నే బిక్షమ్మ తల దువ్వుకొని, తెల్ల గుడ్డ నడుముకు కట్టుకొని దవాఖానకు పోయేది. నేను వాకిట్లో మంచం మీద కూర్చొని పోయేవాళ్లను చూసేవాడిని. పోయేవాళ్లు నన్ను చూసేవాళ్లు. "ఏం పటేలా, ఇంటి కావలి బాగున్నదా?" అని ఒకడు అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడు, నాకు మాత్రం అన్నం సహించలేదు.

శనివారం సాయంత్రం దవాఖాన అరుగు మీద ఆడవాళ్లు చేరేవాళ్లు. మిస్సమ్మకు ఎడ్నా అని ఒక చెల్లెలు ఉంది. ఆమె అమెరికా నుంచి రాసే ఉత్తరాలను మిస్సమ్మ తెలుగు చేసి వాళ్లకు చదివి వినిపించేది. ఒకరోజు నేను కూడా వేపచెట్టు కింద నిలబడి విన్నాను.

"పురుషులు యుద్ధమునకు వెళ్లిరి గనుక స్త్రీలు కార్ఖానాలో విమానములు చేసిరి" అని చదివింది మిస్సమ్మ. "నా చెల్లెలు రెక్కలకు మేకులు కొట్టెను. ఇప్పుడు పురుషులు తిరిగి వచ్చిరి గనుక స్త్రీలను ఇంటికి పొమ్మనుచున్నారు. వారు పోమనుచున్నారు. ఒకే పనికి ఒకే కూలి ఇయ్యవలెనని, ఆ విధముగా చట్టము చేయవలెనని అడుగుచున్నారు. కార్ఖానా వాకిట నిలిచియున్నారు."

భర్త చనిపోయిన సైదమ్మ నోటి మీద వేలేసుకుంది. "గంత పెద్ద దేశంల గూడ గిట్లనేనా మిస్సమ్మా? మాకు కోతకు పోతె మగోళ్లకు రెండు శేర్లు, మాకు శేరు. మా ఒక్కలకే అనుకుంటిమి."

"మరి మీ చెల్లెను ఉంచుకుంటరా, ఎల్లగొడ్తరా?" అని అడిగింది బిక్షమ్మ.

"ఇంకను తేలలేదు" అంది మిస్సమ్మ.

బిక్షమ్మ ఆ ప్రశ్న ఎడ్నా కోసం అడగలేదు. నాకది అర్థమైంది. అర్థమై ఊరుకుంటే సరిపోయేది.

రెండో రోజే మిస్సమ్మ దగ్గరికి పోయి నా పని నాకిమ్మన్నాను. ఆమె తెల్ల ముఖం ఎర్రబడింది. బిక్షమ్మ పని చక్కగా చేస్తోందని, నన్ను మందుపెట్టె పట్టుకొని చుట్టుపక్కల పల్లెలు తిరగమని, కూలి ఇద్దరికీ ఒకటే ఇస్తానని చెప్పింది. మంచి మాటే. కానీ పెళ్లాం కుర్చీలో కూర్చుంటే నేను పెట్టె మోస్తూ దుమ్ములో తిరగాలా అని నాకు మంట. సంఘపెద్ద బక్కయ్య దగ్గర మొరపెట్టుకున్నాను. ఆయనకు అరవై దాటాయి. వాడలో పుట్టిన ప్రతివాడికీ తనే తండ్రినన్నట్టు మాట్లాడేవాడు.

"లడాయి చేసొచ్చినోడు వాకిట్ల గూసుంటె వాడకే ఇజ్జత్ పోతది" అన్నాడు బక్కయ్య. "సంఘంల పెడ్త. ఫికర్ జేయకు."

మిస్సమ్మ తలుచుకుంటే ఒక్క మాటతో కొట్టేయగలదు. కొట్టేయలేదు. "నా దేశములో యజమాని ఒక్కడే నిర్ణయించెను. నేను ఆలాగు చేయను. సంఘమే చెప్పవలెను" అంది. ఆడవాళ్లు అన్ని ఉత్తరాలు విన్నారు, అందరూ చేతులెత్తుతారు, న్యాయం జరుగుతుందని ఆమె నమ్మకం. మా ఊళ్లో పన్నెండేళ్లు ఉండి కూడా మా చేతుల లెక్క ఆమెకు తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. కుడివైపు మగవాళ్లం, ఎడమవైపు చాపల మీద ఆడవాళ్లు. బక్కయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"స్త్రీలు కూడ చేతులెత్తుడి" అంది మిస్సమ్మ వెనక నుంచి.

"గట్ల నడువది మిస్సమ్మా. ఇంటికొక్క చెయ్యి. మా తాతల కాడి నుంచి గంతే." బక్కయ్య ఆమె వైపు తిరగకుండానే చెప్పాడు. "బిక్షమ్మనే దవాఖానల ఉండాలె అనేటోళ్లు లేపుండ్రి."

సైదమ్మ చెయ్యి ముందు లేచింది. ఇంకో ఇద్దరు విధవలు లేపారు. తర్వాత మగవాళ్లలో ఐదుగురు. వాళ్ల పిల్లలను ఆమె చలిజ్వరం నుంచి బతికించింది. ఆ ఐదుగురిలో ఒకడు నాతో లడాయికి వచ్చినవాడే. బక్కయ్య వేలితో చూపుతూ లెక్కపెట్టాడు. ఎనిమిది. అప్పుడు చాపల మీద నుంచి తొమ్మిదో చెయ్యి లేచింది. అది బిక్షమ్మది.

ఆమె తెగించి లేపలేదు. నాలుగేళ్ల అలవాటు లేపింది. పదిహేడు ఇళ్లకు తొమ్మిది చేతులంటే మాట తేలిపోయినట్టే. గుడిలో ఎవరో నవ్వారు, ఎవరో దగ్గారు.

"అమ్మా బిక్షమ్మా" అన్నాడు బక్కయ్య, చంటిపిల్లకు చెప్పినట్టు. "మీ ఇంటికి మగోడు వచ్చిండు గద. గా చెయ్యి యోహానుది."

ఆమె చెయ్యి దించలేదు. నా వైపు చూసింది. కోపంగా కాదు, వేడుకుంటున్నట్టూ కాదు. నీళ్లకుండ తల మీదికి ఎత్తమని పక్కనున్నవాడిని చూస్తామే, అట్లా చూసింది. కాస్త సాయం పట్టు, అంతే. ఆమె చెయ్యే మా ఇంటి చెయ్యి అని నేను ఒక్క మాట అంటే చాలు. అనడానికి బస్రా పోనక్కర్లేదు, చదువు అక్కర్లేదు. నోటి దాకా వచ్చింది కూడా. పక్కన కూర్చున్నవాడు మోచేత్తో నన్ను పొడిచి, "ఏం రా, మీ ఇంట్ల ఎవ్వలు మగోడు?" అన్నాడు.

"యోహాను ఉండాలె అనేటోళ్లు?" అని బక్కయ్య అడిగాడు.

నేను చెయ్యి లేపాను. నా చెయ్యి లేచింది చూసి మిగతా ఎనిమిది లేచాయి. బిక్షమ్మ తన చెయ్యిని మెల్లగా దించి ఒళ్లో పెట్టుకొని, దాని మీద రెండో చెయ్యి పెట్టుకుంది.

మిస్సమ్మ బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు సాయంత్రం ప్రార్థనకు కూడా ఆమె తలుపు తీయలేదని తర్వాత తెలిసింది.

సోమవారం పొద్దున బిక్షమ్మ తాళాలు, కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. ఒక డబ్బా కూడా పెట్టింది. మూత తీస్తే నిండా కత్తిరించిన కాగితాలు, పళ్లు పళ్లుగా, ఒక్క గీత వంకర లేకుండా. "మొన్న కోసినయి. కొన్ని దినాలు ఎల్తయి" అంది. తర్వాత కొడవలి తీసుకొని కలుపుకు పోయింది. ఆమె తిట్టి ఉంటే నేను బతికిపోయేవాడిని. నాలుగు మాటలు నేనూ అని, ఎవరిది తప్పో తెలియకుండా కలిపేసేవాడిని.

కూర్చున్నాను గానీ తూకాలు సగం మరిచిపోయాను. పెద్దలకెంత, పిల్లలకెంత, రోజూ పొద్దున పొయ్యి దగ్గర నిలబడి ఆమెను అడిగి పోయేవాడిని. రొట్టె కొడుతూనే చెప్పేది. రోగులేం పాపం చేశారని చెప్పేది, నా కోసం కాదు.

రెండు నెలలకు బక్కయ్య కాలికి నారికురుపు లేచింది. దేవుడు పక్షపాతి కాదనడానికి అదొక్కటే నాకు దొరికిన సాక్ష్యం. మూడు రోజులు పుల్లకు చుట్టాను. నాలుగో రోజు అరుగు మీద చాలామంది ఉన్నారు, నాకు తొందర. లాగాను. తెగింది. బక్కయ్య అరుపు వాడ దాకా వినిపించింది. సాయంత్రానికి కాలు మొద్దులా వాచింది. మిస్సమ్మ కాలిని చూసి, నన్ను చూడకుండా, "బిక్షమ్మను పిలువుము" అంది.

చేను దాకా నేనే పోయాను. గట్టు మీద నిలబడి చెప్పాను. ఆమె కొడవలి దోపుకొని, బురద కాళ్లతో నడిచొచ్చి, చేతులు మూడుసార్లు కడుక్కొని బక్కయ్య కాలి దగ్గర కూర్చుంది.

"బిడ్డా, ఆనాడు నేను..." అని బక్కయ్య ఏదో మొదలుపెట్టాడు.

"మాట్లాడకుండ్రి పెద్దయ్యా. కాలు కదులుతాంది" అంది బిక్షమ్మ.

నెలన్నర పాటు పొద్దున బక్కయ్య కాలు కడిగి కట్టుకట్టి, తర్వాత కూలికి పోయింది. బక్కయ్య లేచి నడిచాడు. కనిపించిన ప్రతిసారీ ఆమెకు రెండు చేతులూ జోడించేవాడు. సంఘం మాత్రం మళ్లీ పిలవలేదు. "ఒకపారి తేల్చినంక తేల్చిందే" అన్నాడు. నేను పిలవమని అడిగితే పిలిచేవాడేమో. నేనూ అడగలేదు.

ఆ మరుసటి ఏడాది మొదట్లో మిస్సమ్మ ఒక ఫొటో నా చేతికిచ్చింది. "నా చెల్లెలు పంపెను. బిక్షమ్మ సంగతి నేను ఆమెకు వ్రాసితిని. ఇది నీ భార్యకు ఇమ్ము" అంది. ఒక పెద్ద కార్ఖానా వాకిలి. ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్లు. తలలకు రుమాళ్లు, చేతుల్లో అట్టలు. అట్టల మీద ఏముందని అడిగితే, యుద్ధంలో పనికొచ్చినవాళ్లం ఇప్పుడు పనికిరామా అని ఉందని చెప్పింది. ముందు వరుసలో ఒకామె చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి అరుస్తోంది. ఆమే ఎడ్నా. దించమన్నా ఆ చెయ్యి దించలేదని మిస్సమ్మ చెప్పింది. పక్కన ఒక మగవాడు నిలబడి ఉన్నాడు. ఖాకీ టోపీ. చేతిలో రేకు డబ్బా.

"ఈయన ఎవరమ్మా?"

"ఆమె భర్త. అతడును యుద్ధము నుండి తిరిగి వచ్చెను. ఆమె వాకిట నిలిచిన దినములన్నియు ఆమె భోజనము మోసికొని వచ్చి పక్కన నిలిచెనట."

ఎడ్నాను చూపించడానికి నాకేం భయం లేదు. ఆ టోపీవాడిని చూపించడానికే చేతులు రాలేదు. దవాఖానలో విషం అని రాసిన అర ఒకటుండేది, దాని తాళం నా దగ్గరే ఉండేది. ఫొటోను అందులో సీసాల వెనక పెట్టాను. వారం తర్వాత మిస్సమ్మ అడిగింది, బిక్షమ్మ ఏమన్నదని. "శాన సంతోషపడ్డదమ్మా" అన్నాను. ఏడాదిన్నర ఆ అర తెరిచినప్పుడల్లా మిగతా వస్తువులే చూశాను.

1948లో రజాకార్ల గొడవలు ముదిరాయి. ఎండాకాలం పోయేసరికి మిస్సమ్మను పట్నం వచ్చేయమని మిషన్ వాళ్లు కబురు పంపారు. దవాఖాన మూసేయాలి. మందులు బండికెత్తడానికి ఆమె స్వయంగా అరలన్నీ ఖాళీ చేసింది. విషం అర దగ్గర ఆగింది. సీసాల వెనక నుంచి ఫొటోను బయటికి తీసింది.

"ఆమె దీనిని ఎన్నడును చూడలేదా?"

నేను తల వంచుకున్నాను. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఫొటోను తన దగ్గర ఉంచుకోలేదు, నా చొక్కా జేబులో పెట్టింది. "నేను ఇయ్యను. నీవే ఇమ్ము" అని బండి ఎక్కింది. దవాఖాన తలుపుకు తాళం పడింది. బిక్షమ్మకు తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఇప్పుడు ఆ కుర్చీ కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరు మనుషులు కూర్చొని ఉన్నారు. ఒకామె కాలు చాపుకొని మూలుగుతోంది, నారికురుపు. దవాఖానకు తాళం వేశారని తెలిసి నేరుగా మా ఇంటికి వచ్చారు. బిక్షమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నేను ఫొటో తీసి ఆమెకిచ్చాను.

"గిదేంది?"

"మిస్సమ్మ చెల్లె పంపింది. నీకు."

"ఎప్పుడు?"

"ఏడాదిన్నరైంది." ఇంకేమీ కలపలేదు. కలిపే మందు నా దగ్గర లేదు.

ఆమె ఫొటోను వెలుతురులోకి తీసుకుపోయింది. "గీ చెయ్యి లేపినామెనేనా?"

"ఆఁ."

"దించమని ఎవ్వలు అనలేదా?"

"అన్నరంట. దించలేదంట."

"మరి పని దొరికిందా?"

"ఎరుక లేదు. నేనడగలేదు."

ఆమె వేలు ఫొటో అంచుకు జరిగింది. "గీయనెవరు?"

"ఆమె పెనిమిటి. లడాయి నుంచి వచ్చిండు."

"చేతుల ఏంది?"

"ఆమె సద్ది డబ్బ."

బిక్షమ్మ చాలాసేపు ఆ మనిషినే చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం పెళ్లయ్యాక రెండోసారి చూశాను. మొదటిసారి నేను పటాలానికి పోయిన రోజు. తర్వాత ఫొటోను తిప్పి నా చేతిలో పెట్టింది.

"నీ కాడనే పెట్టుకో. గిది నాకు పంపింది గాదు."

బయట మూలుగుతున్నామె కాలి దగ్గర పీట వేసుకొని కూర్చుంది. చీపురుపుల్ల విరిచింది. "నీళ్లు తే" అంది, నన్ను చూడకుండానే. తెచ్చాను. కింద పెట్టబోతే, "పట్టుకో, చల్లారుతయి కింద పెడితే" అంది. వాకిట్లో కూర్చున్నవాళ్లు, దారిన పోయేవాళ్లు చూస్తుండగా వేడి గిన్నె పట్టుకొని నిలబడ్డాను. నీళ్ల ఆవిరికి కాదు, నాకు చెవుల దాకా వేడెక్కింది.

బస్రాలో తెల్లదొరలకు నాలుగేళ్లు ఇట్లాగే గిన్నె పట్టాను, ఒక్కరోజు కూడా సిగ్గనిపించలేదు. నా పెళ్లానికి పట్టడానికే సిగ్గుపడ్డాను.